మిల్లు మీద సోలార్ పెడితే పన్ను తగ్గుతుందా?

తగ్గుతుంది, కానీ ప్రభుత్వం చేతికి డబ్బిచ్చే పద్ధతిలో కాదు. మామూలు యంత్రానికి ఏడాదికి 15 శాతం తరుగుదల, అంటే అరిగిపోయిన విలువను ఖర్చుగా, చూపించుకోవచ్చు. సోలార్ ప్లాంటుకైతే 40 శాతం. 2017 మార్చి దాకా 80 ఉండేది, ఆ రోజులు పోయాయి!

మీ రైస్ మిల్లు మీద 10 లక్షలతో పెట్టారనుకోండి. మొదటి ఏడాది 4 లక్షలు లాభంలోంచి తీసేస్తారు. 30 శాతం శ్లాబులో ఉంటే పన్ను 1.2 లక్షలు తగ్గినట్టే. రెండో ఏడాది మిగిలిన 6 లక్షల మీదే 40 శాతం.

చాలామంది దెబ్బతినేది తేదీ దగ్గర. ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకన్నా తక్కువ వాడితే సగమే వస్తుంది. ఫిబ్రవరిలో హడావిడిగా బిగిస్తే 20 శాతమే. ఇంకోటి, ఊహాజనిత ఆదాయ పద్ధతిలో (అసలు ఖర్చులు చూపకుండా, అమ్మకాల్లో ఇంత శాతం లాభమని లెక్కకట్టే పద్ధతి) రిటర్న్ వేసేవాళ్లకు తరుగుదల విడిగా రాదు.