మసాజ్ మంచమా, మనిషి చెయ్యా?

ప్రశ్న: మా అమ్మకు 63 ఏళ్లు, షుగర్ ఉంది. రెండేళ్లుగా నడుము నొప్పి. దగ్గర్లోని సెంటర్‌లో జేడ్ అనే పచ్చరాళ్ల మసాజ్ బెడ్ మీద ఉచితంగా పడుకోబెడుతున్నారు. హాయిగా ఉందంటోంది. బెడ్ ధర 1,40,000 రూపాయలట. షుగర్ కూడా తగ్గుతుందంటున్నారు. ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు సిట్టింగుకు 600 తీసుకుంటారు. ఏది మేలు?
- ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మగారి హాయి నిజమే. వెచ్చదనం తగిలితే బిగుసుకున్న కండరం వదులవుతుంది. అయితే అది కొన్ని గంటల ముచ్చట. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే డాక్టర్ల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కొత్తగా పట్టేసిన నడుముకు కాపడం, మర్దన రెండూ ఉన్నాయి. 12 వారాలు దాటిన నొప్పి జాబితాలో ఆ రెండూ లేవు. అక్కడున్నవి వ్యాయామం, యోగా వగైరా. అమ్మగారిది రెండేళ్ల నొప్పి.

బెడ్ లోపల ఏముందో చూడండి. పరుపు కింద పట్టాల మీద మోటారు ఒక చిన్న బండిని లాగుతుంది. దాని మీది వేడి రాళ్లు వెన్నుకు అటూ ఇటూ మెడ నుంచి కిందికి పోయి వస్తాయి. నొక్కేది ఎక్కువగా మన బరువే. అందుకే 45 కిలోల మనిషికీ 90 కిలోల మనిషికీ ఒత్తిడి ఒకలా ఉండదు. నడుము నొప్పి అనుకునేది కొందరికి పిరుదు పక్క కండరంలో ఉంటుంది. రాళ్ల దారి అటు వెళ్లదు. బొటనవేలు అయితే వెతికి పట్టుకుంటుంది, ‘అబ్బా’ అనగానే ఆగుతుంది.

అసలు భయం షుగర్‌తో. పాదాలు, చర్మం మొద్దుబారితే కాలుతున్నా తెలియదు. 44 డిగ్రీల వేడి కూడా గంటల తరబడి ఒకేచోట తగిలితే చర్మం కాలుతుంది. వేడి పెరిగేకొద్దీ ఆ సమయం నిమిషాలకు దిగుతుంది. షుగర్ తగ్గుతుందన్న మాట నమ్మి మాత్రలు మాత్రం ఆపనివ్వకండి.

1,40,000తో 233 సిట్టింగులు వస్తాయి. అన్ని అక్కర్లేదు. ఆరో, ఎనిమిదో తీసుకుని, వ్యాయామాలు నేర్చుకుని రోజూ చేస్తే చాలు. కాపడానికి వేడినీళ్ల సంచీని తువ్వాలులో చుట్టి 15 నిమిషాలు పెట్టండి. ముందు మీ మోచేతి లోపలివైపు పెట్టి వేడి చూడండి. ఈ వయసులో ఎముకల పటుత్వం కూడా ఒకసారి చూపించండి. ఎముక గుల్లబారితే వెన్నుపూసల మీద గట్టి నొక్కుడు, రాతిదైనా చేతిదైనా, పనికిరాదు.

ప్రశ్న: బెడ్ కొనేశాం. ఇప్పుడెలా వాడాలి?
- ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: కొన్నాక మూలన పెట్టడమెందుకు! తక్కువ వేడితో 15 నిమిషాలు మొదలుపెట్టండి. పల్చటి నూలు దుప్పటి ముడతలు లేకుండా పరవండి. ముడత పడ్డచోట రాయి ఒరుసుకుని చర్మం కందుతుంది. నూనె రాసుకుని పడుకోవద్దు, పైకవరు పాడవుతుంది. తల పెట్టే గుర్తు తప్పితే పొట్టివాళ్లకు రాయి మెడ బదులు తలను తోస్తుంది, కాబట్టి ఒక్కొక్కరికీ సరిచూసుకోండి. నిద్రపోకూడదు. ఎర్తు ఉన్న ప్లగ్గే వాడాలి. గర్భిణులు, పేస్‌మేకర్ ఉన్నవారు, రక్తం పల్చబడే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా ఎక్కొద్దు.

ప్రశ్న: ఇంట్లో మేమే మర్దన చేయొచ్చా?
- ఒక పాఠకురాలు, బళ్లారి

జవాబు: చేయొచ్చు. బోర్లా పడుకోబెట్టి పొట్ట కింద దిండు పెట్టండి. రెండు చెంచాల గోరువెచ్చని నువ్వుల నూనె చాలు. వెన్నెముకను వదిలి రెండు వేళ్లెడం పక్కన అరచేతితో కిందనుంచి పైకి ఐదు నిమిషాలు రాయండి. గట్టిగా తగిలినచోట బొటనవేలితో 20 సెకన్లు నొక్కి వదలండి. మొత్తం పావుగంట మించొద్దు. ఒక పిక్కే వాచి, వేడిగా ఉంటే ముట్టుకోవద్దు, అక్కడ రక్తం గడ్డ ఉండొచ్చు. కాలు బలహీనపడినా, మూత్రం ఆగినా, కూర్చునే చోట స్పర్శ పోయినా మర్దన మానేసి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.