సున్నం గోడ, నడుం నొప్పి

ప్రశ్న: అక్కా, మాది కనిగిరి దగ్గర పల్లె. నాకు 44 ఏళ్లు, ఇంట్లోనే మిషను కుడతాను. ఆరేళ్లుగా నడుం నొప్పి. డిస్కు జరిగిందని, ఆపరేషన్ అక్కర్లేదని డాక్టరు చెప్పారు. మా రెండు గదుల్లోనూ సున్నం పెచ్చులు ఊడుతోంది. ఈ సంక్రాంతికి నా చేత్తో నేనే రంగులేసుకోవాలని ఆశ. మా ఆయనేమో మనిషిని పెడదాం అంటాడు. మా అత్తమ్మ "మిషను ముందు రాని నొప్పి గోడ దగ్గరే వస్తుందా" అంటుంది. పోయినేడు ఒక్క గోడ గీకి నాలుగు రోజులు మంచం దిగలేదు. నా వల్ల అవుతుందా?

జవాబు: అవుతుంది చెల్లీ. కాకపోతే నువ్వనుకున్నట్టు కాదు.

నాకు 41వ ఏట కీళ్లవాతం వచ్చింది. ఒంగోల్లో మా ఇంటికి ప్రతి ఏడూ రంగు నేనే వేసేదాన్ని. ఆ జబ్బు వచ్చిన రెండో ఏడు, ఒంట్లో హాయిగా ఉందని రెండు గదులూ రెండు రోజుల్లో ముగించాను. భోగి తెల్లారుజామున ముగ్గు వేద్దామని కూర్చుంటే బొటనవేలు, చూపుడువేలు కలవలేదు. పిండంతా ఒకే చోట కుప్పగా రాలింది. ఆ ముగ్గు మా అమ్మాయి వేసింది, నేను గుమ్మంలో నిలబడి చూశాను. మనకు ప్రమాదం నొప్పి ఉన్న రోజు కాదు, లేని రోజే. ఆ రోజు రెండు రోజుల పని లాగేస్తాం.

అందుకని ఇప్పుడు నొప్పి చెప్పేదాకా ఆగను, ఫోన్లో అలారం పెట్టుకుంటాను. పావుగంట పని, పది నిమిషాలు వెల్లకిలా పడుకోవడం. ఇంకొంచెం వేయగలను అనిపిస్తున్నప్పుడే బ్రష్షు కింద పెట్టేస్తాను. మొదట్లో ఇది చాలా కష్టం. నీకు పావుగంట ఎక్కువైతే పది నిమిషాలే పెట్టుకో.

ఇక్కడొక చిక్కుంది. ఆఖరి కోటు గోడ మధ్యలో ఆపితే ఆరిన చోట అతుకు కనబడుతుంది. కాబట్టి ప్రైమరు నువ్వు ముక్కలు ముక్కలుగా వేసుకో, ఫరవాలేదు. ఆఖరి కోటుకు మాత్రం మీ ఆయన్ని రోలరు పట్టుకోమను. అంచులూ మూలలూ నువ్వు చూసుకో. మనిషిని పెడదాం అన్నాడు కదా, ఆ మనిషి ఆయనే కావచ్చు.

కూలి మనిషికి ఇవ్వాల్సింది గీకుడు, పైకప్పు. డబ్బులు పోతాయని ఆలోచించకు. నిన్ను పోయినేడు మంచాన పడేసింది ఆ గీకుడే. పాత సున్నం మీద చెయ్యి రుద్ది చూడు. అరచేతికి తెల్లగా అంటితే గీకకుండా ఎంత ఖరీదైన రంగేసినా పెచ్చులే. నీళ్లు చిలకరించి నాననిస్తే సున్నం తేలిగ్గా వస్తుంది, దుమ్మూ తక్కువ లేస్తుంది. ఉప్పు కాగితం, లప్పం పని కూడా ఆ మనిషి చేతే చేయించు.

ఇరవై లీటర్ల రంగు డబ్బా పాతిక కిలోలు దాటుతుంది, దాన్ని నువ్వు కదపకు. లీటరు చొప్పున చిన్న డబ్బాలోకి పోయించుకుని, నడుం ఎత్తున స్టూలు మీద పెట్టుకో. రోలరుకు పొడుగు కర్ర తగిలించు. బ్రష్షు పిడికి పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి చూడు. పిడి లావైతే వేళ్లు అంత బిగించక్కర్లేదు. నా చేతులకు దీనంత సుఖం ఏ మందూ ఇవ్వలేదు.

నొప్పి బిళ్ల వేసుకుని పని మొదలుపెట్టకు. ఒళ్లు ఆపమనే మాట నీకు వినబడదు. రోజూ మింగితే కిడ్నీలు పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. కాలు బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం మీద పట్టు తప్పినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లు.

ఇంకోమాట. మీ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే తాగకూడదు, కాచినా పోదు. ఏళ్ల తరబడి తాగితే నడుం, మెడ బిగుసుకుపోవచ్చు. ఏ నీళ్లు తాగుతున్నావో డాక్టరుకు చెప్పు.

మీ అత్తమ్మ మాటంటావా? మిషను దగ్గరా నొప్పి వస్తూనే ఉంటుంది, నువ్వు పైకి చెప్పవు. ఈసారి చెప్పు. ఆమెకూ నడుం ఉంది, అర్థమవుతుంది.

మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కూడా వానలు పడతాయి. చెమ్మ గోడకు రంగు నిలవదు. పండక్కి ముందు గది ఒక్కటి చాలు, వంటగది ఉగాదికి చూద్దువు. ద్వారబంధాలకు పసుపు రాసి బొట్లు పెట్టే పని మాత్రం ఎవరికీ ఇవ్వకు, నిలబడి నువ్వే పెట్టు.