మిరప కోతలకు పోవాలా, పరీక్షకు ఉండాలా?

మీ ప్రశ్నలకు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన టీచర్ జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది కర్నూలు జిల్లాలో పడమటి వైపు పల్లె. జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి చదువుతున్నాను. స్కూల్లో పెట్టే ఎస్‌ఏ-1 (సమ్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షల్లో తెలుగు, సోషల్ బాగా వచ్చాయి. లెక్కల్లో 19 మార్కులే వచ్చాయి. ఏడో తరగతి వరకు నాకు లెక్కలు బాగానే వచ్చేవి. ఇప్పుడు సార్ బోర్డు మీద చేస్తుంటే అర్థమైనట్టే ఉంటుంది. ఇంటికొచ్చి చేస్తే ఒక్కటీ రాదు. సంక్రాంతి అయ్యాక మా ఊరి వాళ్లు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. ఈసారి నన్ను కూడా రమ్మని మా నాయన అంటున్నాడు. ‘ఎట్లాగూ తప్పుతావు, వస్తే కూలి డబ్బులన్నా వస్తాయి’ అంటాడు. అమ్మ ఏమీ మాట్లాడదు. ఇంటి దగ్గర అవ్వ ఉంటుంది. చాలా టెన్షన్‌గా ఉంది. నేను పాస్ కాగలనా? పోవాలా, ఉండాలా?
– ఒక పదో తరగతి విద్యార్థిని

జవాబు: ఉండు తల్లీ. పాస్ అవుతావు. ఇది నీ మనసు కుదుటపడాలని చెబుతున్న మాట కాదు. ఎందుకంటున్నానో చెబుతాను, వరసగా చదువు.

నీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదువుకున్న వాక్యం ఒకటుంది. ‘ఏడో తరగతి వరకు బాగానే వచ్చేవి’ అన్నావు. పదో తరగతి లెక్కల్లో తప్పే పిల్లలు పదో తరగతి పాఠాల దగ్గర ఆగిపోయినవాళ్లు కారు. ఎక్కడో ఆరులోనో, ఏడులోనో, ఎనిమిదిలోనో ఒక మెట్టు దగ్గర కాలు జారి ఉంటుంది. ఆ తర్వాత చెప్పినవన్నీ ఆ జారిన చోటు మీదే పడ్డాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. x² − 3x − 10 = 0 అనే వర్గ సమీకరణం ఇస్తే పిల్లలు సూత్రం తప్పు లేకుండా రాస్తారు. b² − 4ac అని కూడా రాస్తారు. అక్కడ c విలువ మైనస్ 10. కాబట్టి 9 + 40, అంటే 49 రావాలి. సగం మంది 9 − 40 అని వేసి, −31 తెచ్చుకుని, ‘వాస్తవ మూలాలు లేవు’ అని రాసి పేజీ తిప్పేస్తారు. ఆ పిల్లలకు వర్గ సమీకరణాలు రావని మనం అనుకుంటాం. వాళ్లకు రానిది మైనస్ గుర్తు. అది ఆరో తరగతిలో మొదలై ఏడులో పూర్తయ్యే పాఠం. ఇంకో రకం పిల్లలుంటారు. ‘మైనస్ మైనస్ ప్లస్’ అని బట్టీ పట్టి, −5 − 3 ఎంత అంటే 8 అంటారు. ఆ మాట గుణకారానికి చెప్పిందని, కూడికకు కాదని వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పలేదు.

సార్ చేస్తుంటే అర్థమై, ఇంట్లో రాకపోవడానికి కారణం కూడా ఇదే. బోర్డు మీద ఆ చిన్న మెట్లు సార్ ఎక్కేస్తారు, నువ్వు వెంట నడుస్తావు. ఇంట్లో నువ్వే ఎక్కాలి.

కాబట్టి ఈ రాత్రి ఒక పని చెయ్యి. పుస్తకం చూడకుండా ఈ ఐదూ వెయ్యి: −5 − 3 ఎంత? (−4) × (−6) ఎంత? 1/2 + 1/3 ఎంత? 3x − 7 = 2x + 5 అయితే x ఎంత? 240లో 15 శాతం ఎంత? ఏది తప్పితే నీ చదువు అక్కడే మొదలుపెట్టు. (జవాబులు వరసగా −8, 24, 5/6, 12, 36.) రేపు స్కూల్లో ఆరు, ఏడు తరగతుల లెక్కల పుస్తకాలు అడిగి తెచ్చుకో. పదో తరగతిలో ఉండి ఆరో తరగతి పుస్తకం పట్టుకుంటే పక్కవాళ్లు నవ్వుతారని సిగ్గుపడకు. వాళ్లలో చాలామందికి కూడా ఆ పుస్తకమే కావాలి. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషులో, పక్క పేజీ తెలుగులో ఉంటుంది కదా. ముందు తెలుగు పేజీ చదివి అర్థం చేసుకో. పరీక్ష ఏ మీడియంలో రాసినా లెక్క అర్థం కావలసింది నీకు బాగా తెలిసిన భాషలోనే. సంఖ్యల గుర్తులకు, భిన్నాలకు, సులభ సమీకరణాలకు కలిపి రోజూ గంట చొప్పున మూడు వారాలు చాలు.

ఇక పరీక్ష సంగతి. లెక్కల పేపరు వంద మార్కులకు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5 ప్రశ్నలుంటాయి. ఎనిమిది మార్కుల వాటిలో ఇది గానీ అది గానీ అని చాయిస్ ఇస్తారు. పాస్‌కు కావలసింది 35. పుస్తకమంతా ఒకేసారి మీద వేసుకోకు. సాంఖ్యక శాస్త్రంలో సగటు, మధ్యగతం, బాహుళకం నేర్చుకో. పట్టిక గీసి, కూడి, సూత్రంలో వేస్తే అయిపోతుంది. సంభావ్యత చిన్న పాఠం. అంకశ్రేఢుల్లో n-వ పదం, n పదాల మొత్తం చూసుకో. రెండు చరరాశుల సమీకరణాల జతకు గ్రాఫ్ గీయడం మాత్రం చేతికి అలవాటయ్యేదాకా చెయ్యి. స్కేలు, పెన్సిలు సరిగ్గా ఉంటే గ్రాఫులో మార్కులు పోవు. ఈ నాలుగు పాఠాలు గట్టిగా వస్తే పేపరు చూసి భయం వేయదు. తర్వాత త్రికోణమితి పట్టిక, వాస్తవ సంఖ్యలు. త్రిభుజాల సిద్ధాంతాలు ఆఖరున చూసుకో.

డిసెంబరు నుంచి మార్చి దాకా స్కూల్లో పదో తరగతికి ప్రత్యేక తరగతులు జరుగుతాయి. నువ్వు మిరప చేలో ఉంటే పోయేవి ఇవే.

ఇప్పుడు ఈ పేజీ మీ నాయనకు చదివి వినిపించు. ఇక్కడి నుంచి ఆయనతో మాట్లాడుతున్నాను.

అయ్యా, నేను ఆదోని డివిజన్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. జనవరి వస్తే మా పదో తరగతి గదుల్లో బెంచీలు ఎట్లా ఖాళీ అవుతాయో నాకు తెలుసు. వానలు లేక, ఊళ్లో పని లేక పోతారు గానీ సరదాకి ఎవరూ పోరు. పొలం గట్టున పట్టలు కట్టుకుని పడుకోవడం, రాత్రంతా చేతుల మంట, ఇవన్నీ నా పిల్లలు తిరిగొచ్చి చెప్పినవే. కూలీలను తీసుకుపోయే మేస్త్రీ దగ్గర ఇంతమంది వస్తామని చెప్పి అడ్వాన్సు తెచ్చుకుని ఉంటారు. ఆ లెక్కలో మీ పాప చెయ్యి కూడా ఉంటే, ఇప్పుడే వెళ్లి ఒకరు తక్కువ వస్తారని చెప్పండి. ఇంకా టైము ఉంది. బయలుదేరే రోజు చెబితే గొడవవుతుంది.

నా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. మంచి చేతిరాత. ఫిబ్రవరిలో కోతలకు పోయింది, పరీక్షల నాటికి తీసుకొస్తామన్నారు. హాల్ టికెట్ వచ్చింది. నేను ఫోన్ మీద ఫోన్ చేశాను. ఆ రోజుల్లో ఆ కుటుంబంలో ఫోన్ లేదు, మేస్త్రీ ఫోన్ కలవలేదు. మొదటి పరీక్ష రోజు గేటు దగ్గర తొమ్మిదిన్నర దాకా నిలబడ్డాను. ఆ హాల్ టికెట్ నేను రిటైరయ్యే దాకా స్కూల్ బీరువాలోనే ఉంది. పారేయడానికి నాకు చెయ్యి రాలేదు. మీ పాప లెక్కల్లో తప్పొచ్చేమో అని మీరు అంటున్నారు. ఒకవేళ తప్పినా వేసవిలోనే సప్లిమెంటరీ పెడతారు, ఆ ఒక్క పేపరు రాసుకోవచ్చు. పరీక్షే రాయని పిల్ల మళ్లీ బడికి రావడం నేను చాలా తక్కువ చూశాను.

అవ్వ ఇంట్లో ఉందంటే సగం దారి దొరికినట్టే. బియ్యం, నూనె ఇంట్లో వేసి, అవ్వ చేతిలో కొంచెం డబ్బు పెట్టి పొండి. మధ్యాహ్నం అన్నం బళ్లోనే ఉంటుంది. అవ్వ ఒక్కతే చూసుకోలేదనిపిస్తే హెచ్‌ఎం గారిని కలవండి. వలస పోయే ఇళ్ల పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద సీజనల్ హాస్టళ్లు పెడతారు. మండలంలో సంక్షేమ హాస్టళ్లు కూడా ఉంటాయి. ఎందులో చోటుందో ఆయన కనుక్కుంటారు. ఈ పని పండగ తర్వాత చేస్తే ఆలస్యమవుతుంది, ఈ వారమే చేయండి. రాత్రి పూట పాపతో ఒకసారి ఫోన్‌లో మాట్లాడండి. ‘ఏం చదివావు’ అని అడగకపోయినా పర్లేదు. ‘అన్నం తిన్నావా’ అంటే చాలు.

తల్లీ, మీ అమ్మ ఏమీ మాట్లాడదన్నావు. ఆమెకు ఇష్టం లేదని అనుకోకు. రాత్రి అన్నాలయ్యాక పక్కన కూర్చుని ‘అమ్మా, నేను ఉంటా’ అని నీ నోటితో చెప్పు. ఎనిమిదో తరగతిలో పత్తి పనులకు గానీ పోయి ఉంటే, ఎన్ని రోజులు బడి మానావో కూడా ఇద్దరూ కలిసి గుర్తు తెచ్చుకోండి. లెక్కలు అక్కడే జారి ఉంటాయని నా అనుమానం. నీ తెలివికి ఏమీ కాలేదని అప్పుడు మీ అమ్మకు కూడా తెలుస్తుంది.

ప్రశ్న: మా బాబు ప్రకాశం జిల్లాలో జిల్లా పరిషత్ స్కూల్లో ఎనిమిదో తరగతి. బాగా చదువుతాడు. తొమ్మిది నుంచి ప్రైవేట్ స్కూల్లో వేద్దామని మా వారు అంటున్నారు. ఈ ఏడాది ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష రాయించమని టీచర్ చెప్పారు. దానివల్ల లాభమేంటి మేడమ్?
– ఒక తల్లి

జవాబు: తప్పకుండా రాయించండమ్మా. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు సంవత్సరానికి 12,000 చొప్పున నాలుగేళ్లు ఇస్తారు. తల్లిదండ్రుల ఆదాయం ఏటా మూడున్నర లక్షలు దాటకూడదు. రెండు భాగాలు, ఒక్కోటి 90 ప్రశ్నలు. ఒకటి తర్కానికి, ఇంకోటి ఏడు, ఎనిమిది తరగతుల పాఠాలకు. కోచింగ్ అక్కర్లేదు, పాత పేపర్లు టైము పెట్టుకుని చేయిస్తే సరిపోతుంది.

ఇది ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. తొమ్మిదిలో ప్రైవేటుకు మారిస్తే ఈ స్కాలర్‌షిప్ ఉండదు. పైగా నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో సీట్లు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు అక్కడ 4 శాతం అదనంగా కలుపుతారు. మీ వారికి ఈ రెండూ చెప్పండి. మీ ఊరి బడిలో అన్ని సబ్జెక్టులకూ టీచర్లు ఉన్నారా లేదా అన్నది మాత్రం మీరే వెళ్లి చూసుకోండి. ఉంటే నేనైతే మార్చను.

దరఖాస్తు స్కూల్ నుంచే పెడతారు. ఆధార్‌లో, స్కూల్ రికార్డులో బాబు పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయేమో ముందే సరిచూసుకోండి. ఒక్క అక్షరం తేడా వల్ల డబ్బు ఆగిపోయి ఏడాదంతా తిరిగిన పిల్లలను చూశాను.