హైబ్రిడ్ మిరప గింజలు దాచుకుని మళ్లీ వేస్తే పంట ఎందుకు తేడా వస్తుంది? కంపెనీలు గింజల జన్యువుల్లో, అంటే జీన్స్‌లో ఏదైనా పెడుతున్నాయా?

ఏమీ పెట్టడం లేదు. గింజ మళ్లీ మొలవకుండా ఏదో చేస్తారని మా ఊళ్లో కూడా అంటారు గానీ, మా గింజలు కొన్నవాటికంటే బాగా మొలిచాయి. అవి మొలవడమే మా కొంప ముంచింది.

మాది గుంటూరు జిల్లా, ఫిరంగిపురం దగ్గర పల్లె. నేను విజయవాడ హాస్టల్లో బైపీసీ రెండో ఏడాది చదువుతున్నప్పటి సంగతి. అంతకుముందు ఏడు హైబ్రిడ్ మిరప బ్రహ్మాండంగా పండింది. సన్నగా, పొడుగ్గా, ఎర్రగా, కాయలన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. పది గ్రాముల ప్యాకెట్ రేటు గుర్తొచ్చి నాన్న కల్లంలోనే మంచి కాయలు ఏరి, గింజలు తీసి, బూడిద కలిపి డబ్బాలో దాచాడు. మరుసటి ఏడు ఎకరం నేలలో ఆ గింజే. విత్తనాల కొట్టుకు ఈసారి రూపాయి పెట్టలేదని ఊరంతా చెప్పుకున్నాడు.

సంక్రాంతికి ఇంటికెళ్లి తోట చూస్తే ఒక మొక్క నడుము దాకా ఉంది, పక్కది మోకాలు దాటలేదు. ఒకదాని కాయ వేలెడు పొడుగుంటే ఇంకోదానిది బుడ్డకాయ. కొన్ని చెట్లకు కాయలు ఆకాశం వైపు నిక్కి చూస్తున్నాయి. వానల వల్ల అన్నాడు నాన్న.

పరీక్షలయ్యాక ఆయనతో మిర్చి యార్డుకు వెళ్లా. వ్యాపారి టిక్కీలోంచి, అంటే మిరప బస్తాలోంచి, గుప్పెడు కాయలు లాగి, గోనె మీద పరిచి, "ఏంది పెద్దాయనా, నాలుగు తోటల కాయ ఒకే టిక్కీలో తొక్కుకొచ్చావా?" అన్నాడు. "ఒకటే తోటయ్యా, ఒట్టు" అన్నాడు నాన్న. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పక్క రైతు కాయకు పలికిన రేటులో మాకు సగం కంటే కాస్త ఎక్కువ వచ్చింది. యార్డులో మిరప ఘాటుకు అందరి కళ్లూ కారుతుంటాయి కాబట్టి నాన్న కళ్లలో నీళ్లు ఎందుకో ఎవరూ పట్టించుకోలేదు.

నాకు తల తీసేసినట్టయింది వేరే కారణానికి. సరిగ్గా నెల ముందు బోటనీ పేపర్లో మెండల్ మోనోహైబ్రిడ్ క్రాస్, గళ్లు గీసి మరీ, ఎఫ్2 తరంలో, అంటే హైబ్రిడ్ మొక్క గింజల నుంచి వచ్చే రెండో తరంలో, లక్షణాలు 3:1గా విడిపోతాయని రాసొచ్చా. ఆ ఎఫ్2 మా ఎకరమే అని నాకు తట్టలేదు! తెల్లారుజామున అయిదింటికి లేపి రాత్రి పదకొండు దాకా రుబ్బించే కాలేజీ అది. క్లాసులో సగం మంది మిరప, పత్తి రైతుల పిల్లలే. "మీ ఇంట్లో హైబ్రిడ్ వేస్తారా?" అని ఒక్క లెక్చరర్ అడిగిన పాపాన పోలేదు. 1866లో మెండల్ అచ్చు వేయించిన బఠాణీ లెక్కలు చెప్పారు. బఠాణీ మా ఊళ్లో ఎవడు పండిస్తాడు?

విషయం ఇంతే. రెండు వేరువేరు స్వచ్ఛమైన రకాలను కలిపితే వచ్చే మొదటి తరం హైబ్రిడ్. ప్రతి మొక్కకూ తల్లి నుంచి ఒక వాటా జీన్లు, తండ్రి నుంచి ఒక వాటా, అందరికీ అవే వాటాలు. అందుకే తోటంతా ఒకేలా ఉంటుంది. ఆ మొక్క కాసిన గింజల్లో మాత్రం ఆ వాటాలు పేక కలిపి పంచినట్టు పంచుకుపోతాయి. తల్లీతండ్రీ మధ్య ఒక్క జీన్‌లో తేడా ఉంటే పిల్లల్లో మూడు రకాల కలయికలు. పది జీన్లలో ఉంటే మూడుని పదిసార్లు హెచ్చించండి: 59,049. ఎకరం మిరప తోటలో అన్ని మొక్కలే ఉండవు.

ఈ లెక్క తెలిశాక నాకు ఇంకో చిరాకు పట్టుకుంది. డీఎన్ఏ టెస్టు చేసి మీ పిల్లాడు ఏ ఆటలో రాణిస్తాడో, ఏ కోర్సుకు సరిపోతాడో చెప్తామని ప్రకటనలు వస్తున్నాయి కదా. మనిషికి ప్రొటీన్లు తయారుచేసే జీన్లే దాదాపు 20,000. మిరప కాయ పొడుగుకే ఇంత గందరగోళం ఉంటే పిల్లాడి భవిష్యత్తు చెప్తారట! మా అక్క డబ్బు కట్టబోతుంటే నేనే ఆపా.

గింజ మొలవకుండా చేసే టెర్మినేటర్ అనేది వట్టి కట్టుకథ కాదు. 1998లో అమెరికాలో పేటెంట్ వచ్చింది. మార్కెట్లోకి మాత్రం ఎక్కడా రాలేదు. మన 2001 మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం అలాంటి రకాలను రిజిస్టరు చేయనివ్వదు, పైగా రైతు తన గింజ దాచుకుని వేసుకునే హక్కు ఇచ్చింది. హక్కు ఉంది, హైబ్రిడ్‌లో లాభం లేదు, అంతే. ఇక మన దేశంలో జీఎం, అంటే బయటి జీన్ చేర్చిన పంట, అని రైతు చేతికి వచ్చింది 2002లో బీటీ పత్తి ఒక్కటే. మిరపలో జీఎం విత్తనం అని ఎవరైనా అంటే నమ్మకండి.

నన్నడిగితే సైన్స్ అంతా సూటి రకాల మీద, అంటే గింజ దాచి వేసినా మారని రకాల మీద, పెట్టాలి. మన బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, అదే సాంబ మసూరి, 1986లో విడుదలైంది. దాని గింజ దాచి వేస్తే మళ్లీ అదే వస్తుంది, ఎందుకంటే రెండు వాటాలూ ఒకటే. దానికి ఎండాకు తెగులు తట్టుకునే మూడు జీన్లు చేర్చి 2008లో ఇంకో రకం ఇచ్చారు. 2025 మేలో అదే సాంబ మసూరిలో, బయటి జీన్ ఏదీ పెట్టకుండా, ఉన్న జీన్‌లోనే చిన్న మార్పు చేసి కంకికి గింజలు పెంచిన 'కమల' అనే వరిని ప్రకటించారు. ఇలాంటిది మిరపలో వస్తే గుంటూరు దగ్గరి లాం ఫారం (వ్యవసాయ పరిశోధన కేంద్రం) ముందు పొద్దున్నే క్యూలో నిలబడేది నేనే.

మీరు దాచిన గింజలు పారేయకండి. పెరట్లో పది మొక్కలు వేసుకోండి, పచ్చడికి బాగుంటాయి. నాన్నకు ఈ 59,049 లెక్క రెండుసార్లు చెప్పా. అంతా విని, "ఆ ఏడు వానలు సరిగా లేవురా" అన్నాడు.