క్రీస్తు పడ్డది శ్రమా, బాధా?

సందేహం: ఈస్టర్‌కు ముందు జరిగే నలభై రోజుల కూడికల కోసం మా చర్చిలో ‘శ్రమకాల దినాలు’ అని నోటీసు వేశారు. తొమ్మిదో తరగతి చదివే మావాడు అది చూసి, ‘శ్రమ అంటే పని చెయ్యడం కదమ్మా? ఏసయ్యను కొట్టారు, మేకులు దిగ్గొట్టారు. అది బాధ కదా, శ్రమ ఎట్లా అవుతుంది?’ అన్నాడు. నాకు జవాబు తోచలేదు. శ్రమలు అనడం తప్పా? ఆయన పుట్టుకను అవతారం అనవచ్చా?
– ఒక తల్లి, చిత్తూరు

సమాధానం: అమ్మా, మీవాడికి ముందుగా నా ఆశీస్సులు. నోటీసులో మాట దగ్గర ఆగి ఆలోచించే పిల్లలు ఈ రోజుల్లో ఎంతమంది? వాడు పొరబడ్డాడంటే ఆ తప్పు మనది. శ్రమదానం, శ్రమదోపిడి, శ్రమజీవి, పరిశ్రమ అంటూ ఆ మాటను చెమటోడ్చే పనికే కట్టేశాం. పుస్తకాల్లో, పేపర్లో వాడికి కనిపించే శ్రమ అదొక్కటే. ఇళ్లలో మాత్రం పాత అర్థం ఇంకా చావలేదు. చుట్టాలింటి నుంచి బయల్దేరుతూ ‘మీకు చాలా శ్రమ ఇచ్చాం’ అంటాం. అక్కడ శ్రమ అంటే ఇబ్బందే.

పోతన పద్యం వాడికి వచ్చే ఉంటుంది. రాకపోతే ఈ రాత్రే నేర్పండి. మొసలి నోట చిక్కిన గజేంద్రుడు ఏమన్నాడు?

‘లా వొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యెఁ బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్’

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. డయ్యడం అంటే అలసిపోవడం. ‘తనువున్ డస్సెన్’ అనడంతో ఒంటి అలసట చెప్పడం అయిపోయింది. శ్రమకు కూడా అలసట అన్నదొక్కటే అర్థమైతే పోతన వెంటనే ‘శ్రమంబయ్యెడిన్’ అనడు, ఆయన మాటలు వృథా చేసే కవి కాడు. బలం పోయి, ధైర్యం పోయి, ప్రాణాలు చోటు తప్పి, స్పృహ తప్పి, ఒళ్లు డస్సి, ఆఖరున మిగిలిన ఆ స్థితికి ఆయన పెట్టిన పేరు శ్రమ. ఆ తరువాత ఏనుగుకు చెప్పుకోవడానికి ‘నీవే తప్ప నితఃపరం బెరుగ’ అన్నదే మిగిలింది. క్రైస్తవులు శ్రమలు అన్నప్పుడు తెలుగు తెలియక అనలేదు. ఐదారు వందల ఏళ్ల నాటి పోతన తెలుగులోనే ఆ అర్థం ఉంది.

ఈ పద్యం చదివినప్పుడల్లా నాకు సిలువ మీది కేక గుర్తొస్తుంది: ‘నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి?’ 22వ కీర్తన మొదలయ్యేదీ ఈ మాటతోనే. ఏనుగు మొర విన్నవాడు సిరికైనా చెప్పకుండా పరుగెత్తుకొచ్చాడు. సిలువ మీది కేకకు ఆ మధ్యాహ్నం జవాబు వచ్చినట్టు సువార్తలు చెప్పవు. రెండింటినీ త్రాసులో వెయ్యడం నా పని కాదు. కానీ నమ్మినవారి లెక్క ఏమిటో భాష చదివేవాడికి తెలియాలి. రక్షించడానికి వచ్చినవాడే ఇక్కడ మొసలి నోట కాలుపెట్టాడు. మొర వినవలసినవాడే మొరపెట్టాడు. అందుకే దిక్కుమాలిన రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చున్న మనిషి ‘ఆయనకు నా బాధ తెలుసు’ అనుకోగలుగుతాడు.

ఇక ధాతువు సంగతి. ‘శ్రము తపసి ఖేదే చ’ అంది సంస్కృత ధాతువుల పట్టిక అయిన పాణినీయ ధాతుపాఠం. శ్రమ్ అనే ధాతువుకు తపస్సు ఒక అర్థం, ఖేదం ఇంకొకటి. పని చెయ్యడం అన్న ఊసే లేదు. తపస్సు చేసేవాడు శ్రమణుడయ్యాడు, తపస్సు చేసే చోటు ఆశ్రమం అయింది. ఇప్పుడొక చక్కని సంగతి చూడండి. మీరు శ్రమకాలం అంటున్న ఈ నలభై రోజులను కతోలికులు తపఃకాలం అంటారు. వేరు మాటలు పెట్టుకున్నామని ఇరువైపుల వాళ్లూ అనుకుంటూ ఉండవచ్చు. ధాతుపాఠం తెరిస్తే రెండూ ఒకే సూత్రంలో పక్కపక్కనే కూర్చుని ఉన్నాయి! విశ్రాంతి కూడా ఈ ఇంటి బిడ్డే. సిలువ వేసిన మరునాడు విశ్రాంతి దినం.

బాధకూ శ్రమకూ తేడా ఎక్కడ? బాధ మన మీద పడుతుంది, మన అనుమతి అడగదు. శ్రమ చాలాసార్లు మనం నెత్తికెత్తుకునేది. మా తిరుపతిలో అలిపిరి దారిన నడిచినవాళ్లకు మోకాళ్లమెట్టు తెలుసు. ఒకసారి అక్కడ ఒకావిడ మోకాళ్ల మీద ఎక్కుతోంది. చీర కుచ్చిళ్లు మోకాళ్ల కింద మడత పెట్టుకుని, ప్రతి మెట్టు మీదా రెండు చేతులూ ఆన్చి, ఊపిరి తీసుకుని మళ్లీ లేస్తోంది. ‘ఎందుకమ్మా ఇంత బాధ?’ అన్నాను. ‘బాధెందుకు నాయనా, బిడ్డ కోసరం కదా’ అంది. నొప్పి లేదని కాదు, బాధ అన్న పేరు ఆమె ఒప్పుకోలేదు. ‘ఎవడును నా ప్రాణము తీసికొనడు; నా అంతట నేనే దాని పెట్టుచున్నాను’ అని యోహాను సువార్తలో క్రీస్తు అన్న మాట నాకు ఆ మెట్ల మీదే బాగా అర్థమైంది. కొట్టినవాళ్ల వైపు నుంచి చూస్తే అది బాధ పెట్టడం. పడినవాడి వైపు నుంచి చూస్తే శ్రమ.

మన అచ్చ తెలుగు కూడా ఇదే దారి. పాట్లు అంటే ఇక్కట్లు, ఒకరి కోసం పాటుపడడం అంటే పూనుకుని చెయ్యడం. మీ ఊరి నుంచి సరిహద్దు దాటి వేలూరు వెళితే తమిళ క్రైస్తవులు క్రీస్తు శ్రమలను ‘పాడుగళ్’ అంటారు. అదీ మన ‘పాటు’ అన్న మాటే.

అయితే ఒక్కటి ఒప్పుకోవాలి. మన బైబిలులో ‘లోకములో మీకు శ్రమ కలుగును’ అని ఉంది, ‘మహాశ్రమ’ ఉంది. అవి కోరి నెత్తికెత్తుకున్నవి కావు, మీద పడేవే. కాబట్టి అనువాదకులు నేను చెప్పిన తేడా చూసే శ్రమ అన్నారని పందెం కట్టను. యెషయా 53వ అధ్యాయంలో హీబ్రూ మాటకు శ్రమ అనీ, వేదన అనీ రెండర్థాలున్న చోట వాళ్లు ‘వేదన’ వేసుకున్నారు. శ్రమ అక్కడ ఇంకా బాగా అతికేదని నా అభిప్రాయం.

అవతారం గురించి. దిగిరావడం అన్న అర్థంలో తప్పు లేదు, క్రైస్తవ రచనల్లో నరావతారం అన్న మాట ఉంది. కానీ అవతారం అనగానే మన చెవికి ‘యుగే యుగే’ వినిపిస్తుంది. క్రైస్తవులకు ఆ రాక ఒక్కసారిదే. యోహాను సువార్త వాడిన ‘శరీరధారియై’ నాకు ఎక్కువ ఇష్టం. గ్రీకులో అక్కడున్నది మాంసం అనే మోటు మాట. ‘కునుకడు నిద్రపోడు’ అని కీర్తనలు ఎవరిని పొగిడాయో, ఆయనే దోనెలో తలగడ మీద నిద్రపోయాడని నమ్మడమే శరీరధారి అనడంలోని అర్థం. సమరయలో బావి దగ్గర ఆయన ‘అలసి’ కూర్చున్నాడు. ‘ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా’ అని పిలిచినప్పటి ప్రయాస, బావి దగ్గరి ఈ అలసట, గ్రీకులో రెండూ ఒకే క్రియ. ఒళ్లు లేనివాడికి శ్రమ ఎక్కడిది? మీ రెండు సందేహాలూ ఒకటే అని నేననడం ఇందుకే.

శ్రమలు అనండి, మీవాడి కోసం ఒకటి రెండుసార్లు బాధలు అన్నా నేరం కాదు. ప్రార్థనామందిరంలో శరీరధారి అనండి, ఇరుగుపొరుగుతో మాట్లాడేటప్పుడు అవతారం అన్నా అర్థమవుతుంది. నేను ఒప్పుకోనిది వేరే ఉంది. ప్రతి ఏడూ ఆ వారంలో బజార్లో ‘గుడ్ ఫ్రైడే శుభాకాంక్షలు’ అని ఫ్లెక్సీలు కడుతున్నారు. చావును తలుచుకునే రోజున శుభాకాంక్షలేమిటమ్మా? మీ నోటీసు వేసినవాళ్లతో ఒక మాట చెప్పి, ఆ ఒక్క ముక్క తీయించండి. శుభాకాంక్షలు ఆదివారం చెప్పుకోవచ్చు.