ఆటోక్యాడ్‌లో అంకణాల బటన్

ప్రశ్న: కావలిలో ఒక ఇంజినీరు గారి దగ్గర ఇళ్ల ప్లాన్లు గీస్తున్నాను. ఇటీవల కొత్త ఆటోక్యాడ్ వేశారు. పాత టూల్‌బార్లు కనిపించడం లేదు, పైనుండే బటన్ల పట్టీ రిబ్బన్‌లో వెతుక్కోవడంతోనే పొద్దుపోతోంది. నాకు కావలసినవన్నీ ఒకచోట పెట్టుకోవడం ఎలా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: టూల్‌బార్లు ఎక్కడికీ పోలేదమ్మా. 2015 వెర్షన్‌తో క్లాసిక్ వర్క్‌స్పేస్‌ను, అంటే పాత టూల్‌బార్లుండే తెర అమరికను తీసేశారు, అంతే. మెనూబార్ అని టైప్ చేసి 1 ఇవ్వండి. పైన పాత మెనూ వస్తుంది. అందులో టూల్స్, టూల్‌బార్స్, ఆటోక్యాడ్ వరుసగా తెరిస్తే డ్రా, మోడిఫై, డైమెన్షన్ అన్నీ ఉంటాయి.

అయితే వాటన్నిటినీ తెర మీద పరచకండి. గీతకు ఎల్, జరపడానికి ఎం నొక్కితే చాలు. వాటికి బటన్ దండగ. రెండు మూడు అంచెలున్న పనికే టూల్‌బార్‌లో చోటివ్వాలని నేను గట్టిగా నమ్ముతాను.

మన నెల్లూరు వైపు స్థలం యజమాని మొదట అడిగేది "ఎన్ని అంకణాలు?" అనే కదా. అంకణం అంటే మన స్థలాల కొలత. అలాంటి పనికి బటన్ కావాలి. సీయూఐ అని టైప్ చేస్తే టూల్‌బార్లను మార్చుకునే కిటికీ తెరుచుకుంటుంది. పాక్షిక ఫైళ్ల కింద ఉన్న కస్టమ్‌లో టూల్‌బార్స్ మీద కుడి క్లిక్ చేసి కొత్తది సృష్టించండి. కింది కమాండ్ల జాబితాలో కొత్త కమాండ్ చేసి, దాన్ని ఆ టూల్‌బార్ మీదికి లాగండి. కుడివైపు మాక్రో గడిలో బటన్ నొక్కితే వరుసగా నడవాల్సిన ఆదేశాలు రాయాలి. అందులో సెమీకోలన్ పెడితే ఎంటర్ నొక్కినట్టు, బ్యాక్‌స్లాష్ పెడితే మీ క్లిక్ కోసం ఆగినట్టు.

స్థలం హద్దును మూసిన పాలీలైన్‌గా, అంటే మొదలూ చివరా కలిసే ఒకే గీతగా గీసి, మాక్రోలో ఏరియా కమాండ్‌కు ఆబ్జెక్ట్ ఎంపికను ఇవ్వండి. కొలిచిన విలువ ఏరియా అనే సిస్టమ్ వేరియబుల్‌లో, అంటే ఆటోక్యాడ్ విలువను దాచుకునే చోట నిలుస్తుంది. అంగుళాల్లో గీసిన ప్లాన్ అయితే అది చదరపు అంగుళాల్లో ఉంటుంది. మన అంకణం 72 చదరపు అడుగులు, అంటే 10,368 చదరపు అంగుళాలు. మాక్రో చివర ఆటోక్యాడ్ ప్రోగ్రామింగ్ భాష ఆటోలిస్ప్‌లో ఒక వాక్యంతో ఆ విలువను 10,368తో భాగిస్తే అంకణాలు వచ్చేస్తాయి. ఆటోక్యాడ్‌లో తక్కువ సౌకర్యాలుండే ఎల్‌టీ వాడుతుంటే, ఆటోలిస్ప్ పనిచేయడానికి 2024 లేదా తర్వాతి వెర్షన్ ఉండాలి. 36 చదరపు అడుగుల అంకణం లెక్క కూడా కొన్నిచోట్ల ఉంది కాబట్టి, బటన్ పేరులోనే 72 అని రాయండి. పక్క సీటులోని వారు వేరే ఊరి ప్లాన్‌కు నొక్కితే స్థలం లెక్కే తారుమారవుతుంది.

ఇదంతా కస్టమ్ సీయూఐఎక్స్ ఫైలులో నిలుస్తుంది. అది ఏ ఫోల్డర్‌లో ఉందో ఆప్షన్స్‌లోని ఫైల్స్ ట్యాబ్‌లో తెలుస్తుంది. కంప్యూటర్‌ను ఫార్మాట్ చేసేవారికి మీ టూల్‌బార్ సంగతి తెలియదు కాబట్టి, ఇవాళే ఒక ప్రతి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. అదే వెర్షన్‌ను మళ్లీ వేశాక, ఆటోక్యాడ్ మూసి ఉన్నప్పుడు దాన్ని ఆ ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే సరిపోతుంది.