గరిక కోరేది ఎండ

ప్రశ్న: ఇంటిముందు ఖాళీ స్థలంలో రెండేళ్ల క్రితం గరిక నాటించాం. మిగతా అంతా చక్కగా అల్లుకుంది కాని వేపచెట్టు కింద పలచబడి మట్టి బయటపడుతోంది. రోజూ రెండు పూటలా నీళ్లు పెడుతున్నాం, యూరియా కూడా చల్లాం. లోపం ఎక్కడుంది?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: మీరు శ్రద్ధ తీసుకోకపోవడం వల్ల వచ్చిన నష్టం కాదిది, చెట్టునీడ వల్ల వచ్చింది. జొన్న, చెరకు మాదిరిగానే గరిక కూడా మండే ఎండలో చురుగ్గా ఆహారం తయారుచేసుకునే జాతి. పగటి వేడి 25 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండి, రోజుకు కనీసం 6 గంటలు నేరుగా ఎండ తగిలితేనే అది నేలను కప్పుతుంది. ఎండలో పెరిగిన తీగ ఒకటి, చెట్టుకింది తీగ ఒకటి తెంపి పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదానికి కణుపులు దగ్గరదగ్గరగా ఉండి, ఒక్కో కణుపు దగ్గర వేరూ పిలకా కనిపిస్తాయి. రెండోది పాలిపోయి, సన్నగా సాగి, కణుపుల మధ్య ఎడం పెరిగి, నేలను పట్టుకోలేకుండా ఉంటుంది. పూజలో చదివే దూర్వా మంత్రం కణుపు కణుపు నుంచీ మొలుచుకొస్తుందని గరికను వర్ణిస్తుంది. నీడలో కుంటుపడేది సరిగ్గా ఆ గుణమే.

అటువంటి చోట యూరియా వేస్తే మేలుకన్నా కీడే ఎక్కువ, ఎందుకంటే వెలుతురు చాలని మొక్క వేళ్లలో దాచుకున్న కాస్త బలాన్నీ ఆకు తొడగడానికి ఖర్చుచేసి మరింత నీరసిస్తుంది. రోజూ పైపైన తడిపితే వేళ్లు లోతుకు దిగవు. వేప కింది కొమ్మలు కొట్టించి చూడండి. అప్పటికీ ఎండ చాలకపోతే అక్కడ గరికపై ఆశ వదులుకొని, నీడను ఓర్చుకునే వెడల్పాకుల కార్పెట్ గడ్డిని నర్సరీలో అడిగి తెచ్చి నాటడమే మంచిదని నా అభిప్రాయం. ఎండపడే భాగంలో మాత్రం నేల జానెడు లోతు నానేలా నీరు పెట్టి, ఆకు ముడుచుకోవడం మొదలయ్యేదాకా ఆగి, మళ్లీ పెట్టండి.

ప్రశ్న: చెరువుగట్టు మీది గరికను గొర్రెలు ఇష్టంగా మేస్తున్నాయి. పత్తిచేలో మాత్రం అదే గరికతో వేగలేకపోతున్నాం. దీన్ని మేతగా పెంచుకోవాలా, పీకేయాలా?
– ఒక రైతు, జనగామ

జవాబు: గట్టు మీద ఉంచండి, చేలో ఉంచకండి. గొర్రె ఎంత కింద కొరికినా గరిక చావదు, ఎందుకంటే దాని మొలకలు నేలను అంటిపెట్టుకొని, కొన్ని నేల లోపలే ఉంటాయి. లేతగా ఉన్నప్పుడు మాంసకృత్తులు బాగా ఉంటాయి; ముదిరితే కాడ మిగులుతుంది కనుక మేపిన చోటికి మూడు నాలుగు వారాల విరామమిచ్చి మందను మళ్లీ తోలండి. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త 1943లో ‘కోస్టల్’ అనే గరిక రకాన్ని పచ్చిక బయళ్ల కోసమే విడుదల చేశారు. మన దేశంలో 1965లో వచ్చిన తొలి సంకర సజ్జ హెచ్‌బి-1కు తల్లిగా నిలిచిన వంశాన్ని కూడా తయారుచేసింది ఆయనే కనుక మన మెట్టరైతులు ఆ పేరు గుర్తుంచుకోదగ్గది.

చేలో గరికను తడినేలలో రోటావేటర్‌తో దున్నితే మాత్రం ముక్కముక్కా ఒక మొక్క అవుతుంది. వేసవి దుక్కి లోతుగా దున్ని, పైకి తేలిన దుంపవేళ్లను ఏప్రిల్, మే ఎండలకు వదిలేయండి. ఆకుకు ప్రాణమిచ్చే ఎండే బయటపడ్డ వేరును ఎండబెట్టి చంపుతుంది. మిగిలినవాటిని ఏరి, గట్టు అవతల కుప్పవేసి కాల్చండి.

ప్రశ్న: మా ముంగిట పచ్చిక డిసెంబరుకల్లా గడ్డివాములా ఎండిపోతోంది. చచ్చిపోయిందా? వినాయక చవితికి గరిక దొరక్క ప్రతి ఏటా ఇబ్బందే.
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: చావలేదు, చలికి నిద్రపోయింది. రాత్రి వేడి 15 డిగ్రీలు దాటే రోజులు వస్తే మళ్లీ చిగురిస్తుంది. చలికాలంలోనూ పచ్చగా కనిపించే పొరుగువారి ముంగిలి చాలావరకు శరదృతువులో పైన చల్లిన రైగడ్డిదై ఉంటుంది. ఇక మీరు అక్కడ బెర్ముడా అని పిలిచే గడ్డి మన గరికే, కొన్ని రకాలు ఆఫ్రికాలోని దాని సోదర జాతితో కలిపిన సంకరాలు. ఆకు మొదట్లో తెల్లని నూగు, పక్షికాలి వేళ్లలా విడివడిన కంకి చూసి పోల్చుకోండి. కలుపుమందు కొట్టిన పచ్చిక నుంచి మాత్రం పూజకు కోయకండి. ఒక కుండీలో ఎండ తగిలేచోట నాలుగు కణుపులు నాటుకుంటే చాలు.